ఎదుటివాడి మాట

గరివిడి దగ్గర ఒక హైస్కూల్లో ఏడో తరగతి చదివే దుర్గాభవానికి ఆ వారమంతా ఒళ్లు మండిపోతూనే ఉంది. ఆటల పీరియడ్ వస్తే చాలు, మగపిల్లలు క్రికెట్ పేరుతో మైదానమంతా ఆక్రమించేవారు. ఆడపిల్లలకు గోడ నీడే గతి. అందుకే తెలుగు టీచరు రాజకుమారి "ఏదైనా విషయం మీద వాదన రాయండి" అనగానే పేజీ నిండా రాసి పట్టుకెళ్లింది.

చదివి టీచరు నవ్వాపుకోలేకపోయింది. "మైదానం మాక్కూడా కావాలన్నావు. బాగుంది, అది నీ అభిప్రాయం. తరవాతంతా తిట్లే గదమ్మా! ఎందుకు కావాలి? రుజువేటి? కాదనేవాడు ఏటంటాడు? వాడికి నీ జవాబేటి? అవి లేకపోతే వాదనెలాగవుతాది?"

కారణం తేలిగ్గానే దొరికింది: ఆటల పీరియడ్ అందరిదీ. రుజువూ ఉంది: మొన్ననే గోడ పక్కన కూర్చున్న షాలిని కళ్లద్దాలు బంతి తగిలి పగిలాయి. కాదనేవాడి మాటే ఎంతకీ తోచలేదు. నేరుగా వెళ్లి క్రికెట్ జట్టు కెప్టెన్ త్రినాథ్‌నే అడిగేసింది.

"మిమ్మల్ని ఎవులాపినారే? ఒక్కనాడైనా ఆడతామని వచ్చినారా? మీరే కూకొని కబుర్లాడతారు," అన్నాడు వాడు.

దుర్గాభవానికి చురుక్కుమంది. నిజమే, ఎన్నడూ అడగలేదు. ఆ ముక్క రాయకుండా వదిలేద్దామనిపించింది. పెన్ను కొరుక్కుంటూ చాలాసేపు కూర్చుని, చివరికి రాసేసింది.

మర్నాడు క్లాసులో చదివింది. "మేము అడగలేదన్న మాట నిజం. బంతికి భయపడి పక్కకు తప్పుకున్నాం. అంతమాత్రాన మాకు ఆట అక్కర్లేదని కాదు. ఇప్పుడు అడుగుతున్నాం. బుధవారం, శనివారం మైదానం మాకివ్వాలి."

వెక్కిరిద్దామని కాచుకున్న మగపిల్లలు త్రినాథ్ వైపు తిరిగారు. గుమ్మంలో నిలబడి విన్న ఆటల మాస్టారు తిరుమలరావు తల గోక్కున్నారు. "శనివారం జట్టు ప్రాక్టీసుంటాది. బుధవారం, శుక్రవారం తీసుకోండి," అన్నారు.

బుధవారం ఆడపిల్లలు ఖోఖో మొదలెట్టారు. వరుసలో కూర్చున్న దుర్గాభవాని దగ్గరికి త్రినాథ్ మెల్లగా వచ్చి వంగాడు.

"ఒసే భవానీ, మాకు కొత్త బ్యాటు కావాల. మాస్టారికి ఎలాగ రాయాలో కాస్త సెప్పవా?"

"ఆట అవనీరా, సెప్తాను!"

అంతలో వీపు మీద "ఖో" పడింది. ఆమె లేచి పరుగందుకుంది.