హనుమాయమ్మ పేరు కొట్టండి

నెట్టు మళ్ళీ ఆగిపోయింది. సుప్రజకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పంపుతున్న ఫైలు సగం దాకా వెళ్ళి అక్కడే చతికిలబడింది. రెండు రోజులుగా ఇదే తంతు. హైదరాబాదులో ఆమెకు పని ఇచ్చే కంపెనీవాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి, సాయంత్రంలోగా ఫైళ్ళు అందకపోతే వచ్చే నెల నుంచి పని ఉండదని చెప్పారు. కేకలు వేసి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేది. వాళ్ళు చాలా మర్యాదగా చెప్పారు.

రెండు వేల తొమ్మిదిలో తిరువూరులో ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే కోడలంటే చుట్టాలకు పెద్ద వింత. చెవులకు ఆ డిప్పలు తగిలించుకుని ఏం వింటుంది, పాటలా అని అడిగేవారు. పాటలు కాదు. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు. అవి విని టైపు చేసి పంపాలి. ఎవరికి గర్భం నిలవడం లేదో, ఎవరు మందు మానలేకపోతున్నారో, అన్నీ ఆమె చెవిన పడేవి. వాటిని మూడో కంటికి తెలియనివ్వనని, ఇంట్లో నెట్టుకు ఎప్పుడూ తాళం ఉంచుతానని ఆమె సంతకం పెట్టింది. పెళ్ళయ్యాక తనదంటూ ఆమెకు దొరికింది ఆ పనొక్కటే.

బస్టాండు దగ్గర విత్తనాల షాపు నడిపే ఆమె భర్త అభిలాష్, కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్న తన స్నేహితుడు జయకృష్ణను వెంటబెట్టుకొచ్చాడు. జయకృష్ణ మోడెం ఆపి వెలిగించాడు, కంప్యూటరు ఆపి వెలిగించాడు, ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"పాస్‌వర్డు తీసేద్దాం వదినగారూ. ఫైర్‌వాల్ కూడా ఆపేద్దాం. యాంటీవైరస్ కూడా. అవే అడ్డం పడుతుంటాయి."

"తీసి చూశాక మళ్ళీ పెట్టేస్తారా?"

"ఎందుకండీ? నెట్టొస్తే అలాగే వదిలేద్దాం. ఈ ఊళ్ళో మీ కంప్యూటర్లో దూరేవాడెవడు చెప్పండి?"

అప్పట్లో కంప్యూటరు వైద్యమంతా ఇంతే. ఏది అడ్డమనిపిస్తే దాన్ని పీకి అవతల పారెయ్యడం.

"వద్దండి. ఇంకేమైనా చెయ్యండి, అది మాత్రం వద్దు."

"వాడు బీటెక్ చదివాడే," అన్నాడు అభిలాష్, స్నేహితుడి ముందు నామోషీగా.

"చదవనివ్వండి. సంతకం పెట్టింది నేను."

వంటింట్లోంచి అత్తగారు సరోజినీదేవి గొంతు కలిపింది. "ఇల్లంతా తెరిచి పెట్టుకున్నా ఇన్నేళ్ళలో మనింట్లో చెంబు కూడా పోలేదమ్మా. ఏంటా మొండితనం?"

సుప్రజ మాట మార్చుకోలేదు. జయకృష్ణ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అభిలాష్ మొహం గంటు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

సరే, నేనే చూసుకుంటాననుకుంది. ఒకేసారి నాలుగూ కెలికితే ఏది రోగమో, ఏది మందో తెలియదని ఆమెకు అనుభవమే. ముందు తన కంప్యూటరుకు మోడెం నుంచి నేరుగా వైరు పెట్టింది. అప్పుడూ నత్తనడకే. అంటే వైర్‌లెస్ సిగ్నలుకు అడ్డమొచ్చే ఇంటి గోడల తప్పు కాదు. టెలిఫోన్ లైను తీసి బిగించింది. మార్పు లేదు. తర్వాత ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్లూ పూర్తిగా ఆపేసి, మోడెం ముందు పీట వేసుకుని కూర్చుంది.

వాడేవాళ్ళు లేకపోతే వైర్‌లెస్ దీపం నిమ్మళంగా ఉండాలి. అది టపటపా కొట్టుకుంటూనే ఉంది.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి. మనింట్లో అన్నీ ఆపేశాను. ఇది ఎవరికోసం వెలుగుతోంది?"

అభిలాష్ వంగి చూశాడు. అతని కోపం సగం దిగిపోయింది. సుప్రజ తన కంప్యూటరు వెలిగించి, వైరు మీదనే మోడెం అమరికలు తెరిచి, వైర్‌లెస్‌ను ఆపేసింది. మళ్ళీ ఫైలు పంపింది. రెండు రోజులు మొరాయించిన ఫైలు కళ్ళ ముందే వెళ్ళిపోయింది. దాని వెనకే మిగిలినవీ వెళ్ళాయి.

ఆమె ఇంకా ఊపిరి పీల్చుకోలేదు, వసారాలోంచి మావగారు వీరరాఘవయ్య కేక వేశాడు. పక్కింటి గోడ మీదుగా ఎవరో ఆయనతో మాట్లాడి వెళ్తున్నారు.

"అమ్మాయ్, నెట్టు ఆపావా ఏంటి? పాపం పక్కింటి మాస్టారి అల్లుడు ఏదో సినిమా దించుకుంటున్నాడటమ్మా!"

సుప్రజ వసారాలోకి వచ్చింది. "ఆయనకు మన పాస్‌వర్డు ఎలా తెలిసింది మావయ్యగారూ?"

"నేనే చెప్పాను. అడిగారు, చెప్పాను. ఎదురింటివాళ్ళకీ చెప్పాను. అంత కష్టమేముంది, మా అమ్మ పేరు కొట్టండి, అదే వస్తుందన్నాను."

ఆయన దాచిపెట్టింది ఏమీ లేదు. పాస్‌వర్డుగా నాయనమ్మ హనుమాయమ్మ పేరు పెట్టింది అభిలాషే. వీరరాఘవయ్య ఏటా ఎండాకాలం బస్టాండు ఎదురుగా అదే పేరు మీద చలివేంద్రం పెట్టిస్తాడు. వీధిలో నలుగురూ రోజూ తన తల్లి పేరు కొట్టుకుని నెట్టు చూసుకుంటున్నారంటే ఆయనకు అదీ పుణ్యమే అనిపించింది.

సుప్రజ ఆలోచన మాత్రం తన ఫైళ్ళ మీదికి పోయింది. జయకృష్ణ మాట విని ఫైర్‌వాల్ కూడా తీసేసి ఉంటే ఆ సినిమాల అల్లుడికీ, తన ఫైళ్ళకూ మధ్య ఇక అడ్డేముంది? ఆమె లోపలికి వెళ్ళి కొత్త పాస్‌వర్డు పెట్టి, వైర్‌లెస్ మళ్ళీ వెలిగించింది. అభిలాష్ కంప్యూటర్లో ఆ కొత్త పాస్‌వర్డు తనే కొట్టి పెట్టింది. వీరరాఘవయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మ పేరు తీసేశావా?"

"తీసేశానండి."

"మంచినీళ్ళకు తాళం వేస్తామా అమ్మా?"

"నీళ్ళు మీవి మావయ్యగారూ, ఎంతమందికైనా పొయ్యండి. నా కంప్యూటర్లో ఉన్నవి మీవీ కావు, నావీ కావు. ఎవరెవరివో గుట్లు."

"సరే, కొత్తదేంటో చెప్పు."

"చెప్పను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అభిలాష్ గబగబా లేచాడు. "నాన్నకు చెప్పకపోవడమేంటి? పోనీ నాకు చెప్పు."

"మీకూ చెప్పను. ఆయన అడిగితే మీరు ఆగలేరు. ఎవరైనా అడిగితే ఆయన ఆగలేరు."

అంతలోనే గేటు చప్పుడైంది. పక్కింటి శంకరనారాయణ మాస్టారు. వీధిలో సగంమందికి చదువు చెప్పిన మనిషి, అభిలాష్‌కు అక్షరాలు దిద్దించిన మనిషి.

"వీరరాఘవయ్యగారూ, మీ అమ్మగారి పేరు ఎన్నిసార్లు కొట్టినా రావట్లేదటండీ మా అల్లుడికి!"

వీరరాఘవయ్య కోడలి వైపు చూశాడు. ఆ చూపు సుప్రజకు అర్థమైంది. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమంటున్నాడు. పాడైపోయిందండి అనొచ్చు. ఇప్పుడు ఇవ్వలేనండి, ఏమనుకోకండి అనొచ్చు. చిన్నప్పటి నుంచీ ఆమెకు నేర్పినవన్నీ అలాంటి మాటలే. అలా అంటే మాస్టారు రేపు మళ్ళీ వస్తారు. మావయ్యగారు రేపు మళ్ళీ అడుగుతారు. తను ఈ పని చేసినన్నాళ్ళూ పాడైపోయిందని అబద్ధమాడుతూ బతకాలి.

ఆమె మెట్ల దాకా వచ్చింది.

"ఆ పేరు నేనే మార్చానండి మాస్టారూ. కొత్తది మావయ్యగారికి తెలీదు. నాకొక్కదానికే తెలుసు."

"ఓహో, అలాగా. అయితే నువ్వే చెప్పమ్మా."

"ఇవ్వనండి."

మాస్టారు సరిగా వినపడలేదన్నట్టు చూశారు. "మా అల్లుడికి ఏమని చెప్పనమ్మా?"

"ఇదే చెప్పండి. వీరరాఘవయ్యగారి కోడలు ఇవ్వనందని చెప్పండి."

ఆయన చెప్పులు సర్దుకుని, గేటు వేసుకోకుండానే వెళ్ళిపోయారు. సుప్రజ వెళ్ళి గేటు వేసి వచ్చింది. తల దించలేదు.

వసారాలో వీరరాఘవయ్య మొహం ఎర్రబడి ఉంది.

"మాస్టారంతటి మనిషిని పట్టుకుని ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?"

"రాలేదు మావయ్యగారూ," అంది సుప్రజ. "తెచ్చుకున్నాను."