పన్నెండు నిమిషాలు ఎక్కడివి?

బ్రష్షు గొట్టంలోకి ఒక చివర దూరి రెండో చివర బయటికి వచ్చేసరికి దాని కుచ్చుకి పసుపుపచ్చని జిగురు అంటుకొని ఉంది. ఎవరి కడుపులోదో. సిస్టరు దాన్ని కుళాయి కింద పెట్టింది. పదకొండేళ్లుగా ఆమె పని ఇదే. కడుపులోకి దించే కెమెరా గొట్టాలను తోమడం, నీలం మందునీళ్లలో ఇరవై ఐదు నిమిషాలు నానబెట్టడం, మళ్లీ కడిగి ఆరబెట్టడం. ఆ జిగురుకి ఎప్పుడో అలవాటుపడిపోయింది. ఆమెకి వెగటు పుట్టించిన వస్తువు ఆ గురువారం ఉదయం పది గంటలకి కాగితం రూపంలో వచ్చింది.

"సోమవారం నుండి గొట్టాలను ఇరవై ఐదు నిమిషాలకు బదులు పన్నెండు నిమిషాలు నానబెట్టవలెను. ఆధారం: నిపుణుల ఆన్‌లైన్ చర్చ."

కింద సూపరింటెండెంటు సంతకం. దాని వెనక సోమవారం రోగుల జాబితా. రోజుకి పదకొండు మంది ఉండే చోట ఇరవై మంది. ఏడో పేరు ఆమె పిన్నిది. తల్లి పోయిన నాటినుంచి ఆమెని పెంచి పెద్దచేసిన పిన్ని.

ఈ కాగితం ఎవరి పుణ్యమో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. క్వాలిటీ ఆఫీసరు. ఏ వార్తయినా ముందు అతని చెవిన పడి, ఆ వెంటనే ఊరందరి చెవినా పడుతుంది కాబట్టి ఆసుపత్రిలో అందరూ అతన్ని భోగట్టా అంటారు. సిస్టరు చేతి తొడుగులు తీసి చెత్తబుట్టలో పడేసి నేరుగా అతని గదికి వెళ్లింది.

"ఏంటండీ ఇది? పన్నెండు నిమిషాలు చాలని ఎవరు చెప్పారు?"

"నువ్వు చదివే కోర్సే కదమ్మా నేనూ చదివేది! నా పోస్టు చూడలేదా? నూటనలభై లైకులు!"

"లైకులు సరే. మీరెక్కడ చదివారు?"

"అందరికీ తెలిసిందే తల్లీ. అందరికీ తెలిసినదానికి కూడా ఆధారం అడుగుతావనేగా గ్రూపులో నీకు ఆధారమ్మ అని పేరు పెట్టారు." అతను కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు.

ఇద్దరూ చేరింది ఇంట్లో కూర్చుని చదివే డిప్లొమాలో. అది పాసైతే సిస్టరుని విభాగానికి పెద్దగా వేస్తానని సూపరింటెండెంటు మాటిచ్చాడు. కోర్సులో వారం వారం చర్చ ఉంటుంది. ప్రతి ఒక్కరూ ఒక పోస్టు, రెండు జవాబులు రాయాలి. ఒక్కోటి యాభై మాటలకి తగ్గకూడదు. గడువు ఆదివారం సాయంత్రం ఆరు. యాభై మాటలుంటే రెండు మార్కులు కంప్యూటరే వేసేస్తుంది. ఆ మాటల్లో ఏముందన్నది దానికి అనవసరం.

అందుకే ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఆ చర్చ ఎంగిలి విస్తరిలా తయారయ్యేది. ఒకరు నమిలి వదిలింది మరొకరు నోట్లో వేసుకుని, ఇంకాస్త నమిలి, మూడోవాడికి వడ్డించేవాళ్లు. "ఎంత బాగా చెప్పారండీ!" "మీ మాటతో అక్షరాలా ఏకీభవిస్తున్నాను!" ఎవరూ ఏదీ చదివినట్టు ఉండదు. అయినా అందరూ అందరితో ఏకీభవిస్తారు.

భోజన విరామంలో సిస్టరు భోగట్టా పోస్టు కింద ఒక్క ప్రశ్న రాసింది: "ఈ పన్నెండు నిమిషాలకి మూలం ఏమిటి?"

అన్నం ముద్ద నోట్లోకి వెళ్లేలోపు జవాబులు వచ్చిపడ్డాయి.

"ఆధారమ్మ వచ్చిందిరోయ్, పేజీ నంబర్లు తీయండి!"

"అక్కా, కూరలో ఉప్పు ఎక్కువైందని మీ ఆయన అన్నా రిఫరెన్సు అడుగుతారా?"

చివర్లో పాఠాలు చెప్పే మాస్టారు దిగారు. "ఇది చర్చ అమ్మా, కోర్టు కాదు. ఆధారాలు పరీక్ష వ్యాసానికి ఇవ్వండి చాలు. ఇక్కడ కూడా అడుగుతూ పోతే అందరి నోళ్లూ మూతపడతాయి."

కొన్ని నోళ్లు మూతపడితేనే లోకానికి ఆరోగ్యం అనుకుంది సిస్టరు. డబ్బాలో మిగిలిన అన్నం తినబుద్ధి కాలేదు. మూత పెట్టేసింది.

గొట్టాలతోపాటు కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకం తీసుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లింది. పదిహేడో పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఇరవై ఐదు నిమిషాలు, దాని కింద నల్లటి గీత.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది ఎనిమిదేళ్ల కిందటి పుస్తకం. అది తాజా పరిశోధన. నీలాంటివాళ్లే నూటనలభై మంది సరేనన్నారు. బయట జనం మూడు నెలలుగా వరసలో ఉన్నారమ్మా, వాళ్లకి ఏం చెప్పను?"

"అది పరిశోధన కాదు సార్. ఎవరో అన్నారు, ఇంకెవరో విన్నారు."

"ఆ 'ఎవరో' ఎవరో పట్టుకురా. నిజంగా గాలి మాటే అయితే ఈ కాగితం నేనే చింపేస్తా. రేపు సాయంత్రం వరకు టైము."

ఇంటికి వచ్చీరాగానే సిస్టరు వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. ఎదురుగా పిన్ని బఠాణీలు వలుస్తోంది.

"చెప్పులైనా విప్పవేంటే? ఆ డబ్బా ఏమైనా పారిపోతుందా?"

"ఒక దొంగని పట్టుకోవాలి పిన్నీ."

"పట్టుకో పట్టుకో. పట్టుకున్నాక ఈ కాయలు వలవమని చెప్పు, నా వేళ్లు పీకుతున్నాయి."

భోగట్టా పోస్టు పదకొండో వారంది. "ఎన్నో అధ్యయనాలు తేల్చినట్టు పన్నెండు నిమిషాలు చాలు." ఆ వాక్యాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లింది. తొమ్మిదో వారంలో ఎవరో వార్డు నర్సు: "మాస్టారు చెప్పినట్టు పన్నెండు నిమిషాలు చాలు." అధ్యయనాలు లేవు, మాస్టారున్నారు. ఇంకా వెనక్కి. ఆరో వారంలో మాస్టారు రాసిన సారాంశం: "మనలో ఒక అనుభవజ్ఞురాలు చెప్పినట్టు పన్నెండు నిమిషాలు సరిపోతుంది." మాస్టారూ చెప్పలేదు, ఆయనా ఎవరిదగ్గరో ఎత్తుకున్నారు.

సిస్టరుకి వేటగాడి హుషారు వచ్చింది. దొరికింది దొంగ. ఎవరా అనుభవజ్ఞురాలు? మూడో వారం తెరిచి, పైనుంచి కిందికి ఒక్కొక్క పోస్టూ చూసుకుంటూ వచ్చింది. డెబ్బై రెండో పోస్టు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"నాకు తెలిసి కొన్నిచోట్ల పన్నెండు నిమిషాలు నానబెట్టినా సరిపోతుందని అంటారు."

పక్కన ఫొటో. తెల్ల యూనిఫాం, పాపిడి పక్కన చిన్న మచ్చ. ఆమె ఫొటోనే.

అంతా గుర్తొచ్చింది. ఆ ఆదివారం బట్టలు ఆరేసి పరుగున వచ్చి కూర్చుంది. నాలుగు మంచి ముక్కలు రాస్తే నలభై రెండు మాటలయ్యాయి. ఇంకా ఎనిమిది కావాలి. ఏం రాయాలో తోచక దిక్కులు చూసింది. తెర మూలన ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి: గడువుకి ఇంకా పన్నెండు నిమిషాలు. కంటికి ఆనిన అంకె వేలి మొనకి వచ్చింది. ఎనిమిది మాటలు నిండాయి. రెండు మార్కులు పడ్డాయి.

సిస్టరు సింకు దగ్గరికి పరిగెత్తింది. మధ్యాహ్నం తిన్న కాస్తా బయటికి వచ్చింది. నోరు పుక్కిలించినా చేదు వదల్లేదు. పదకొండేళ్లుగా ఊరివాళ్ల కడుపుల్లోని జిగురు కడిగిన మనిషి, తను కక్కినదాన్ని నూటనలభై మంది నాకుతుంటే ఇప్పుడు చూసింది.

"ఏమైందే?" పిన్ని వచ్చి వీపు నిమిరింది. సిస్టరు మొత్తం చెప్పింది.

పిన్ని నవ్వింది. "చిన్నప్పుడూ అంతే నువ్వు. స్కూలు లేదని ఎవరు చెప్పారే అంటే 'అందరూ అంటున్నారు' అనేదానివి. ఆ అందరూ ఎవరా అని ఆరాతీస్తే నువ్వూ, పక్కింటి చిట్టీనూ."

"నవ్వకు పిన్నీ."

"సరే, నవ్వను. ఎవరికీ చెప్పకు. నా గొట్టం మాత్రం నీ చేత్తో ఇరవై ఐదు నిమిషాలు నానబెట్టు. అయిపోయె."

ఆ మాట సిస్టరుకి అప్పటికే తట్టింది. తట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది. "మిగతా పంతొమ్మిది మందో? వాళ్లెవరికి పిన్నులో ఎవరికి తెలుసు?"

పిన్ని వెళ్లి మళ్లీ బఠాణీల ముందు కూర్చుంది.

మర్నాడు మూడు గంటలకి సూపరింటెండెంటు బల్ల మీద ల్యాప్‌టాప్‌లో నాలుగు పోస్టులు వరసగా తెరిచి పెట్టింది సిస్టరు. భోగట్టా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆయన ఒక్కొక్కటీ చదువుతూ మూడోదాని దగ్గర తలెత్తాడు.

"ఇంతకీ మొదట అన్నదెవరు?"

"నేనే సార్."

"నువ్వెక్కడ చదివావు?"

"ఎక్కడా చదవలేదు. ఎనిమిది మాటలు తక్కువయ్యాయి. అందుకని రాశాను."

సూపరింటెండెంటు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. భోగట్టాకి మాత్రం మొహం వెలిగింది. "నేను ముందే అన్నాగా సార్, దీనికి ఆధారం ఉందని! ఇదిగో, ఎదురుగానే నిలబడింది!"

సూపరింటెండెంటు చెప్పు కింద పడ్డదాన్ని చూసినట్టు అతన్ని చూశాడు. తర్వాత అదే చూపు సిస్టరు మీదికి తిరిగింది. అది తనకి న్యాయమే అనిపించి ఆమె తల దించుకోలేదు. ఆయన ఉత్తర్వు తీసి రెండుగా, నాలుగుగా చింపాడు.

"ఇరవై ఐదే. సోమవారం జాబితా మళ్లీ పదకొండుకి దించండి. నువ్వు, విభాగం పెద్ద సంగతి ఇక నా దగ్గర ఎత్తకు."

"ఎత్తను సార్."

వరండాలో భోగట్టా గొంతు తగ్గించి దగ్గరికి వచ్చాడు. "అనవసరంగా బయటపడ్డావు తల్లీ. అంత వెనక్కి వెళ్లి ఎవరు చూస్తారు?" అంటూ ఓదార్పుగా ఆమె భుజం తట్టాడు. సిస్టరు తన గదికి వెళ్లి మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంది. భుజం దాకా కడుక్కోవడానికి అక్కడ వీల్లేదు.

తర్వాత చర్చ తెరిచి రాసింది: "పన్నెండు నిమిషాలన్నది నేను కల్పించిన మాట. దానికి ఆధారం లేదు. గొట్టంతో వచ్చిన పుస్తకం పదిహేడో పేజీలో ఇరవై ఐదు అని ఉంది. ఎవరూ పన్నెండు వాడకండి."

మీట నొక్కగానే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. "ఇరవై మాటలు మాత్రమే ఉన్నాయి. మార్కులు: సున్నా. ఇంకా రాస్తారా?"

రాయనని నొక్కింది. నిమిషం తిరక్కుండానే కింద ఎవరిదో జవాబు: "ఎంత బాగా చెప్పారండీ! మీ మాటతో అక్షరాలా ఏకీభవిస్తున్నాను..." యాభై మాటలు పూర్తిగా ఉన్నాయి. సిస్టరు ల్యాప్‌టాప్ మూత దించేసింది.

సోమవారం పదకొండు మందిలో పిన్ని ఏడోదే. బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని, డాక్టరు చేతిలోని నల్ల గొట్టాన్ని అనుమానంగా చూసింది.

"ఎంతసేపు నానబెట్టావే?"

"ఇరవై ఐదు నిమిషాలు."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకం. పదిహేడో పేజీ."

"తెచ్చి చూపించు," అంది పిన్ని. "నీ నోటి మాట నేను నమ్మను."

డాక్టరు నవ్వాడు. సిస్టరు నవ్వలేదు. వెళ్లి పుస్తకం తెచ్చింది.