ఎర్రయ్య కుడి కాలు

పదకొండింటికి శవం లేవాలి. ఎర్రయ్య అంబాసిడరేమో స్టార్టవుతోంది, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే రెండుసార్లు దగ్గి ఆగిపోతోంది.

పరిగెత్తించడానికి ఇబ్బంది లేదు. పాడె ముందు నడిపించడానికే చావొచ్చింది. మనిషి నడకతో ఆగుతూ, కదులుతూ వెళ్లాలి. రైల్వే వర్క్‌షాప్ గేటు ముందు ఇంజను ఆపకుండా రెండు నిమిషాలు నిలబడాలి. కార్మికుల కోసం ఎర్రయ్య పాతికేళ్లు ఆ కారుకి మైకు కట్టుకుని తిరిగాడు. వాళ్లలో ఎవరు పోయినా కారు అలాగే ముందు నడిచేది, గేటు దగ్గర నిలిచేది. ఈరోజు పోయింది అతనే.

"కారు ముందర నడవకపోతే ఆయన్ని గుమ్మం దాటనివ్వను," అని అతని భార్య చిలకమ్మ తేల్చి చెప్పేసింది.

తాల్‌బగీచా పేటలో, ఎర్రయ్య ఇంటి సందులో బానెట్ ఎత్తి గణపతిరావు ఇంజను మీదికి వంగి ఉన్నాడు. ముప్ఫయ్యారేళ్లు ఆ వర్క్‌షాప్‌లోనే ఫిట్టరు, ఎర్రయ్యది పక్క బెంచీ. గణపతిరావు చేతికి ఊళ్లో పేరుంది, కోపానికి అంతకన్నా పేరుంది. తను బిగించిన కుళాయి కారుతోందన్న పాపానికి సొంత బావమరిదితో రెండేళ్లు మాట మానేశాడు.

"ఏటి మావా, ఇంజనుక్కూడా ఏడుపొచ్చేసిందేటి?" అన్నాడు యూనియన్ సెక్రటరీ హరిబాబు, మైకు వైరు చుడుతూ.

"నోరు మూసుకుని టార్చి పట్టరా."

ప్లగ్గులు తీసి చూశాడు, బాగానే ఉన్నాయి. పాయింట్ల సందు సరిచేశాడు. కాలు తీసినప్పుడు పెట్రోలు వదిలే ఐడిల్ జెట్ విప్పి నోటితో ఊదాడు, నాలుకంతా పెట్రోలు. హరిబాబుని యాక్సిలరేటర్ తొక్కమని, ఎక్కడైనా గాలి పీలుస్తోందేమోనని కార్బ్యురేటర్ చుట్టూ నీళ్లు చిలకరించాడు. శబ్దం మారలేదు. కాలు తీయించాడు. దగ్గింది, ఆగింది.

"మొన్నటిదాకా దీన్నెలా నడిపినాడ్రా?"

"ఎవుడికి తెల్సు? స్టీరింగు ఎవుడికైనా ఇచ్చినాడేటి? నా బండి నా కాలికే అలవాటు అనీవోడు."

ఇక మిగిలింది కార్బ్యురేటర్ పొట్ట. స్క్రూలు తీసి రెండు ముక్కలూ విడదీశాడు. మధ్యలో సందు మూసే నల్లటి ప్యాకింగ్ షీటు. చూడగానే గుర్తుపట్టాడు. తన చేతిదే.

పన్నెండేళ్ల కిందట బజారు ప్యాకింగులు ఎందుకూ పనికిరావని తిట్టి, రైలింజన్లకి వాడే మందపాటి షీటు తునక తెచ్చి కోసి బిగించాడు. "నువ్వు బతికున్నన్నాళ్లూ దీనికి సావు నేదు బావా," అని గొప్పలు కూడా పోయాడు.

నిజమే, అది చావలేదు. పెద్ద చిల్లులన్నీ ఉన్నాయి. కాలు తీశాక ఇంజనుకి పెట్రోలు అందించే జొన్నగింజంత చిల్లు లేదు. పొడవడం మరిచిపోయాడు.

కారులోకి తొంగిచూశాడు. బ్రేకు పెడలు కుడి అంచు నున్నగా అరిగింది. యాక్సిలరేటర్ ఎడమ అంచున రబ్బరు పోయి ఇనుము తేలింది. ఇంజను ఆగిపోకుండా పాదం సగం దీని మీద, సగం దాని మీద. ప్రతి ఊరేగింపులో, ప్రతి రైలు గేటు దగ్గరా, పన్నెండేళ్లు. కుడి కాలు కుంటుతున్నావేంటని తను అడిగితే ఎర్రయ్య వాతమన్నాడు.

చిలకమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"సెల్లెమ్మా, దీన్ని నానే సెడగొట్టినాను."

"తెల్సు."

"తెల్సా?"

"బిగించిన మర్నాడే తెల్సింది. రోజూ ఆ మోకాలికి నూనె రాసింది నాను కాదేటన్నియ్యా? ఇంకో మెకానిక్‌కి సూపెట్టమంటే వద్దన్నాడు. ఇప్పితే గణపతి పని బయటపడతాది, ఆడికి తెలిస్తే మనింటికి టీకి రావడం మానేస్తాడు, కాలు నొప్పయితే ఓర్సుకోవచ్చు అన్నాడు."

"నానంత దుర్మార్గుణ్నేటి?"

హరిబాబు చుట్టేసిన వైరునే మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.

"పొద్దెక్కిపోతంది," అంది చిలకమ్మ. "సెయ్యి."

ప్యాకింగుని అరుగు మీద పరిచి, సన్నటి మేకు ఆనించి, సుత్తితో కొట్టాడు. ఒక్క దెబ్బ. పన్నెండేళ్ల పని అంతే.

బిగించి స్టార్ట్ చేశాడు. కాలు తీశాడు. ఇంజను ఆగలేదు. గోడ గడియారంలా కొట్టుకుంటూనే ఉంది.

"సెయ్యంటే నీదే మావా!" హరిబాబు నోటి నుంచి వచ్చేసింది. టీ గ్లాసు అందిస్తూ ఎర్రయ్య ఎప్పుడూ అనే మాట అది. హరిబాబు నాలిక కరుచుకున్నాడు.

గేటు ముందు కారు ఆగింది. వెనక పాడె. హరిబాబు మైకులో నినాదాలు అరుస్తుంటే రెండొందల గొంతులు అందుకుంటున్నాయి. స్టీరింగు దగ్గర గణపతిరావు. కుడి కాలికి పని లేదు, కింద ఊరికే పడి ఉంది. ఒక్కసారి, ఒక్కసారి ఆగిపోతే బాగుండుననిపించింది. ఇంజను ఆగలేదు.

రెండు నిమిషాలయ్యాయి. "మావా, కదులు!"

గణపతిరావు చెప్పు విడిచాడు. ఎర్రయ్య కాలు అరగదీసిన యాక్సిలరేటర్ అంచు మీద ఉత్తి పాదం పెట్టాడు. ఇంజను వేడికి ఇనుము చురుక్కున కాలింది. కాలు తీయలేదు. కారు కదిలింది.