కోలలు దించిన నీడ

శుక్రవారం వచ్చిందంటే గల్ఫ్‌లోని ఈ మంగఫ్‌లో గుడ్డలుతికేవాళ్ళు ఉతుకుతుంటారు, తలకు రంగేసుకునేవాళ్ళు వేసుకుంటుంటారు, ఇంటికి ఫోను చేసి పెండ్లాంతో కొట్లాడేవాళ్ళు కొట్లాడుతుంటారు. కంపెనీ బస్సులు రోడ్డు పక్కన ఖాళీ కడుపులతో నిలబడి ఉంటాయి. బిల్డింగును ఆనుకుని బిల్డింగు. ఈ కిటికీలో పోపు వేస్తే ఆ కిటికీలో తుమ్ముతారు. గదికి పట్టేంతమంది కాదు, పట్టనంతమంది ఉంటారు. అయినా ఆ ఒక్క పూట ప్రతి మిద్దె మీదా ఏదో ఒక సంబరం. పక్క మిద్దె మీద మలయాళం వాళ్ళు చెండ వాయిస్తారు. ఎదురు మిద్దె మీద బంగ్లా వాళ్ళు హార్మోనీ పెట్టుకుని పాడతారు. నిజామాబాదు వాళ్ళు కింద పార్కింగులో డప్పు కొడతారు. కడప, రాయచోటి వాళ్ళుండే ఈ మిద్దె మీద కోలాటం.

నేర్పేది బాలసుబ్బయ్య. చిట్వేలి దగ్గరి మనిషి. వారమంతా కంపెనీ మెస్సులో వంట. సంతకం పెడతాడు, బస్సు మీద నంబరు చదువుతాడు, అంతకు మించి అక్షరం రాదు. అయినా అందరూ అయివారని పిలవాల్సిందే. పిలవకపోతే పలకడు. అడుగు బెత్తెడు అటుపడినా పాట ఆపుతాడు, కోల వంకర తగిలినా పాట ఆపుతాడు. కోపం వస్తే పెట్టెలో పట్టుచీర దాచినట్టు దాచుకుంటాడు. తన పెండ్లి బంతిలో తన తండ్రికి గిన్నె అడుగున మిగిలిన కూర వడ్డించినవాడు చచ్చి మట్టిలో కలిసినా ఆ కోపం మాత్రం కలవలేదు.

కోలాటానికి ఉద్ది కావాలి. ఎదురు నిలబడి కోలకు కోల తగిలించే జతను వాళ్ళవైపు ఉద్ది అంటారు. మంగఫ్‌లో ఉండేవాళ్ళు ఉద్దికి మనిషి రూపంతోనే వస్తారు. డబ్బున్నవాళ్ళుండే మిష్రిఫ్ విల్లాల్లో పనిచేసే ఆడవాళ్ళలో ఎక్కువమందికి శుక్రవారం సెలవు ఉండదు. శుక్రవారమే ఆ ఇండ్లకు చుట్టాలు దిగుతారు. అందుకని వాళ్ళు నీడలను పంపిస్తారు. పొద్దున డ్రైవరు పెంచల్ తన కంపెనీ బస్సును మిష్రిఫ్ రోడ్డు మీద కాసేపు ఆపుతాడు. ప్రహరీల మీదుగా, ఖర్జూరం చెట్ల మొదళ్ళ పక్కగా నీడలు జారుకుంటూ వచ్చి ఎక్కుతాయి. కొంగు తలుపులో పడుతుందేమోనని పెంచల్ తలుపు నిదానంగా వేస్తాడు. సాయంత్రం మసీదులో బాంగు వినబడేలోపు మళ్ళీ దింపి వస్తాడు. పని ఆగడం లేదు కదా అని విల్లా మామాలు కూడా ఏమీ అనరు. ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు అక్కడ.

నీడ కోలకు చప్పుడు సగమే వస్తుంది. బాలసుబ్బయ్యకు అదొక్కటే చిరాకు.

పెంచల్ కంపెనీలో పెద్ద ఇంజనీరు కొరియా ఆయన. ఒకసారి ఆయన కూడా మిద్దెక్కి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆట చూశాడు. సియోల్ పక్కన వాళ్ళ ఊరు కూడా ఇంతేనట, ఊరి మీద ఊరు పేర్చినట్టు ఉంటుందట. అయినా సెలవు రోజున ముసలీ ముతకా మెడకు డోళ్ళు తగిలించుకుని గుండ్రంగా తిరుగుతారట. నీడలను చూసి, "మా ఊళ్ళో మనుషులే ఆటకు వస్తారు, నీడలు ఆఫీసులోనే ఉండిపోతాయి" అన్నాడని పెంచల్ తెలుగు చేసి చెప్పాడు.

"అట్టయితే వాళ్ళకు అడుగు సరిగ్గా పడదు" అన్నాడు బాలసుబ్బయ్య.

ఆ నీడల్లో ఒకటి రమణిది. రమణి గొంతు బాగుంటుంది. ముందు పనిచేసిన ఇంట్లో సెలవిచ్చేవాళ్ళు కాబట్టి మనిషే వచ్చేది. ఉగాదికి హవల్లీలో ఒక స్కూలు హాలు తీసుకుని కోలాటం పెట్టినప్పుడు, మైకు ముందు బాలసుబ్బయ్య రెండో చరణం వదిలేసి మూడోది అందుకున్నాడు. రమణి చెయ్యెత్తి ఆట ఆపి, రెండో చరణం తానే పాడింది. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజునుంచి బాలసుబ్బయ్య రమణి పేరు పలకలేదు. తర్వాత ఆమె ఇల్లు మారింది. ఆ కొత్త ఇంట్లో ఫోను లాక్కున్నారు, గేటు దాటనివ్వరు. అంతకు ముందు ఆ ఇంట్లో పనిచేసిన మనిషి శవమై పెట్టెలో ఊరికి పోయిందని మిష్రిఫ్‌లో అందరికీ తెలుసు. ఈ కబుర్లు తెచ్చేది పక్క విల్లాలో వంటచేసే సిద్ధమ్మ. రమణి మొగుడికి ఆమె పిన్నమ్మ. సగం పూట సెలవు దొరుకుతుంది కాబట్టి మనిషే వస్తుంది, రమణి నీడకు ఉద్దిగా నిలబడుతుంది.

ఆ శుక్రవారం ఎండ అప్పుడే మాడు మీదికి వస్తోంది. ఆట మధ్యలో బాలసుబ్బయ్య చేతులు చరిచాడు.

"ఎవుర్ది ఆ ఎడమ చెయ్యి? లెయ్యదా?"

అందరికీ తెలుసు ఎవరిదో. సిద్ధమ్మ అంది, "చేతికేదో అయినట్టుండాది అయివోరా. నేను కొట్టినా గూడా ఎదురు రాలేదు."

"నీడకేమయితాది? హవల్లీలో నా పాట ఆపేటప్పుడు లేసింది గదా ఆ చెయ్యి!"

"ఇంగా అదేనా! ఉగాది పోయి యెన్నాళ్ళాయ."

"నాకు నిన్నటి మాదిరే ఉండాది" అని నీడవైపు తిరిగాడు. "దించు."

కోలలు దించమనడం వాళ్ళ ఆటలో పెద్ద శిక్ష. దించినవాళ్ళు కోలలు కాళ్ళముందు పెట్టి ఉన్నచోటనే నిలబడాలి. అయివారు నోటితో 'కోలలెత్తు' అనేదాకా కదలకూడదు. తండ్రి చచ్చాడని కబురొచ్చినా కదలకూడదని పాతవాళ్ళు చెప్తారు. మంగళం పాడేముందు ఆ మాట అనేసి కలుపుకోవడం మర్యాద. రమణి నీడ వంగి కోలలు దించింది. ఒక్క చేత్తోనే దించింది. బాలసుబ్బయ్య మంగళం పాడాడు, తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు, ఆ మాట అనకుండానే మెట్లు దిగిపోయాడు.

పెంచల్ బస్సు తలుపు తెరిచిపెట్టుకుని హారను కొట్టీ కొట్టీ, బాంగు వేళ దగ్గరపడుతుంటే మిగతా నీడలతో వెళ్ళిపోయాడు. సిద్ధమ్మ మెస్సుకు పరిగెత్తింది. బాలసుబ్బయ్య ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

"ఒక మాట అను అయివోరా. నీడ అక్కడనే నిలబడిపోయినాది."

"తప్పయిందని చెప్పమను."

"నీడకు నోరేది?"

"ఆయమ్మికి ఉండాది గదా. బాగానే లేస్తాది."

"ఆయమ్మి నోరు మిష్రిఫ్‌లో బీగం ఏసుండాది. బాంగు దాటినంక గూడా నీడ లేకుండా కనపడితే సగం పారిపోయినావని చంపుతారు ఆ ఇంట్లో. ముందు పోయినామె మాదిరి పెట్టెలో పంపిస్తారు. నీకు చేతులెత్తి మొక్కుతా."

"మొక్కులు దేవుడికి. అవతలికి జరుగు, నీళ్ళు కాగినాయి."

సిద్ధమ్మ కండ్లు తుడుచుకుంది. ఉల్లిఘాటుకు కాదు.

మరునాడు మధ్యాహ్నం మసిగుడ్డలు ఆరేయడానికి బాలసుబ్బయ్య మిద్దెక్కాడు. నడినెత్తిన పొద్దు. నీళ్ళ ట్యాంకు నీడ, డిష్షు గొడుగుల నీడలు, తన నీడ, అన్నీ ముడుచుకుని కాళ్ళకింద దూరాయి. రమణి నీడ ఒక్కటే సిమెంటు మీద నిలువుగా పరుచుకుని ఉంది. కుడిచెయ్యి సరిగా ఉంది. ఎడమచెయ్యి మణికట్టుకు పైన, ఏ మనిషికీ వంగని చోట వంగి ఉంది. చాలాసేపు చూశాడు. గుడ్డలు బకెట్లోనే ఉండిపోయాయి.

మాట గొంతుదాకా వచ్చింది. అందరి ముందర దించిన కోలలను అందరి ముందరే ఎత్తించాలి, అది పద్ధతి, అనుకున్నాడు. శుక్రవారం అంటాను, అనుకున్నాడు. వారమంతా ఉప్పు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడింది. మెస్సులో అన్నం తినేవాళ్ళు, "పెద్దాయనకు ఏమో అయినాది" అని గుసగుసలు పోయారు.

శుక్రవారం సిద్ధమ్మ మెట్లెక్కుతూనే కబురు చెప్పింది. రమణి చెయ్యి పొడుగు చేతుల అంగీకింద దాగింది గాని, నీడ లేకపోవడం దాగలేదు. వారం మధ్యలో చుట్టాలొచ్చిన పూట టీ గ్లాసులు తెచ్చిన మనిషిని పైనుంచి కిందికి చూసి, "దీన్ని ఏం చేశావు?" అని మామాను ఆమె వదినె అందరి ముందర అడిగింది. ఇంకెవరు వచ్చినా అదే మాట అడుగుతారు. "ఖలాస్" అన్నాడు కఫీల్, వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని. పాస్‌పోర్టు చేతిలో పెట్టి తానే కారులో విమానం దగ్గర వదిలి వచ్చాడు. రమణి ఊరు చేరింది.

మిద్దె మీద అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బాలసుబ్బయ్య మాట నోట్లో సిద్ధం చేసుకునే వచ్చాడు. అంతలో పెంచల్ అడ్డం నిలబడ్డాడు.

"ఇంగ ఏం అడ్డం నీకు? యల్లా, కోలలెత్తు అను. సముద్రం దాటి అయినా పోతాది దాని మనిషి కాడికి. అను!"

"ఎవురికి చెప్తాండావురా?" అన్నాడు బాలసుబ్బయ్య. సిద్ధం చేసుకున్న మాటను మింగేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, మెస్సులో పప్పు ఉడుకుతున్న వేళ ఫోను మోగింది. ఊరి నంబరు.

"అయివోరా, నేను రమణిని."

"ఏ రమణి?"

అటుపక్క నవ్వింది. "చరణం పట్టుకున్న రమణిని."

బాలసుబ్బయ్య పొయ్యి మంట తగ్గించాడు. "చెయ్యి?"

"పుత్తూరు కట్టు కట్టించుకున్నా. అతుక్కుంటాండాది. ఇస్త్రీపెట్టెతో కొట్టినాది మామా, మడత సరిగ్గా రాలేదని."

బాలసుబ్బయ్య గరిటె పక్కన పెట్టాడు.

"యాలకు ఫోను చేసినానంటే, మా ఇంటాయన ఏజెంటును పిల్చుకొచ్చినాడు. కట్టిప్పేదాకా గూడా ఓర్చుకోలా. మళ్ళా గల్ఫ్‌కేనంట. మెడికల్‌కు తిరుపతి తీసకపోయినాడు. ఎక్స్‌రే తీస్తే అట్ట మీద ఏమీ పడలేదు అయివోరా. ఎముక లేదు, రొమ్ము లేదు, ఒట్టి నలుపు. మూడుసార్లు తీసినారు. నీడ లేని మనిషికి పడదంట. మెడికల్ పాసు కాకుంటే ఏ దేశమూ రానీదంట. ఏజెంటు తిట్టుకుంటా పోయినాడు."

"ఊఁ."

"నీడ తిరిగొస్తే నన్ను మళ్ళా ఎక్కిస్తారు. ఆ మాట అనొద్దు అయివోరా. యెప్పటికీ అనొద్దు. సిద్ధమ్మత్తకు గూడా చెప్పొద్దు, ఆయమ్మ మా ఇంటాయనతో దినామూ మాట్లాడతాది. నువ్వు కోపం విడవవని అందురూ అంటారు. నాకు ఆ నమ్మకముండాది."

పప్పు పొంగి పొయ్యిమీద పడింది.

"నీడకు ఎండ తగలదా?" అన్నాడు.

"తగులుతాది. నాకు ఈడ తెలుస్తాంటాది. మధ్యాన్నమైతే ఒళ్ళు కాలతాది, నీళ్ళు పోసుకుంటా. ఆ ఇంటికంటే మేలే."

"కట్టిప్పినంక చెయ్యి దినామూ తిప్పాల. లేకుంటే బిగుసుకుంటాది."

"తిప్పుతాలే."

ఫోను పెట్టేసింది. ఆ రోజు మెస్సులో పప్పు మాడింది. ఎవరైనా అడుగుతారేమోనని బాలసుబ్బయ్య ముందే కండ్లెర్రజేసి కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు.

శుక్రవారం మిద్దె నిండింది. కింద డప్పు, పక్కన చెండ, ఎదురుగా హార్మోనీ. నీడలు బస్సు దిగి గోడవెంట వరసగా ఎక్కి వచ్చాయి. మధ్యలో రమణి నీడ, కాళ్ళముందు కోలలు. అది కొంచెం పలచబడిందని చూసినవాళ్ళకు తెలుస్తోంది.

సిద్ధమ్మ ఈసారి అడగలేదు. పమిట చెంగు పరిచింది. "రమణికి ఒళ్ళంతా మంటలంట. డాక్టర్లకు అర్థం కాలేదంట. మా అబ్బోడు ఫోనులో ఏడుస్తాండాడు. ఆయమ్మి నీడను ఆయమ్మికి ఇచ్చేయి."

బాలసుబ్బయ్య ఆమె చెంగు చూశాడు, చెంగు మీద పడిన తన నీడను చూశాడు. దవడలు కదిలాయి.

"అనను" అన్నాడు.

"హవల్లీలో ఒక చరణం పాడినందుకా?" అడిగాడు పెంచల్.

"అవు. అందుకే."

పెంచల్ తన కోలలు తెచ్చి అతని కాళ్ళముందు పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. "నీకాడ నేర్చుకున్నందుకు సిగ్గయితాండాది" అన్నాడు. అతని వెనకే మనుషులంతా ఒక్కొక్కరూ పెట్టారు. కుప్పయింది. మెట్లమీద చెప్పుల చప్పుడు కిందికి, ఇంకా కిందికి పోయింది. సిద్ధమ్మ చివర వెళ్ళింది. గడపలో ఆగి, "నువ్వు చచ్చిన్నాడు నీ పెట్టె మొయ్యను గూడా ఎవురూ రారు" అంది.

"రాకుంటే పాయ" అన్నాడు బాలసుబ్బయ్య.

తలుపు పడింది. ఎండ మిద్దెనంతా ఆక్రమించింది. కోలల కుప్పను దాటి నడిచి, పాట పాడేచోట నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"వరసలో నిలబడండి" అన్నాడు.

నీడలు నిలబడ్డాయి.