వెర్డెల్ బల్ల దగ్గర చేసిన క్షమాపణ

గురువారం పొద్దున మా ఊళ్ళో ఎవరైనా చావాలనుకుంటే మధ్యాహ్నం దాకా ఆగాలి. పట్టించుకునే ఆడవాళ్ళెవరూ ఇళ్ళల్లో ఉండరు. అందరం లూథరన్ చర్చి కింద గదిలో పొడుగాటి బల్లల చుట్టూ కూర్చుని రబ్బరు ముద్రలు కొట్టుకుంటూ ఉంటాం. నన్ను నేను మినహాయించుకోను. మార్చి నెలాఖరు దాకా మినెసోటాలో ఆ గది కంటే వెచ్చని చోటు నాకు ఇంకోటి దొరకలేదు.

పని పెద్దదేమీ కాదు. చెక్క పిడికి అతికించిన రబ్బరు బొమ్మ ఉంటుంది. పువ్వు, పిచ్చుక, టీకప్పు, టీకప్పులో కూర్చున్న పిచ్చుక. దాన్ని ఇంకు ప్యాడ్ మీద తట్టి దళసరి కాగితం మీద నొక్కాలి. తడి ఆరకముందే పొడి చల్లి వేడిగాలి పెడితే గీతలు ఉబ్బి మెరుస్తాయి. ఆ ముక్కని ఇంకో రంగు కాగితం మీద, దాన్ని మూడో రంగు కాగితం మీద అతికించి, పైన రిబ్బను ముడి, ముడి మీద గుండీ. శుభాకాంక్షల కార్డు తయారయ్యేసరికి గుర్రపు జీనంత మందమవుతుంది. మా పోస్టాఫీసు లాయిడ్ ఒకసారి దాన్ని చేత్తో ఎగరేసి చూసి, "ఇది పుట్టినరోజు కార్డా, పుట్టినప్పుడు వేసిన పునాదా?" అన్నాడు. ఆ తర్వాత మావాళ్ళు పోస్టు చెయ్యడమే తగ్గించారు. చేసినవాటిలో చాలావరకు చెప్పుల పెట్టెల్లో పడి ఉంటాయి. ఒకరి పెట్టె ఒకరు చూసి "ఎంత బాగుందో" అనుకుంటారు. ఇంట్లో కోడలితో ఏడాదిగా మాటల్లేని బెర్నీస్ దగ్గర "ప్రియమైన కోడలికి" అని ముద్ర కొట్టిన కార్డులు డజను దాకా ఉన్నాయి.

ఈ గుంపుకి పెద్ద వెర్డెల్. ధాన్యం గిడ్డంగి మేనేజరు భార్య. ఒకసారి మినియాపొలిస్ వెళ్ళి రెండు రోజుల శిక్షణ తీసుకుని వచ్చింది. అప్పట్నుంచి కాగితం మడవడం తనే కనిపెట్టినట్టు మాట్లాడుతుంది. మా అమ్మ కాగితం గోటితో మడిచేది. వెర్డెల్ బల్ల దగ్గర గోరు పనికిరాదు, మడతకి ఎముకతో చేసిన బద్ద ఒకటుంది. అదీ ఆమే అమ్ముతుంది. అన్నిటికన్నా పెద్ద నియమం ఏమిటంటే, కార్డు లోపల పెన్ను పెట్టకూడదు. లోపలి మాట కూడా ముద్రే అయ్యుండాలి. "ఇంత శ్రమపడి చేసి, చివర్లో కోడి గెలికినట్టు రాస్తామా?" అంటుంది. కోళ్ళని పెంచిన ఊరు మాది. అయినా ఎవరూ ఎదురు చెప్పరు.

ఆ మార్చి మొదటి గురువారం ఆర్ఫా పిన్ని కోటు విప్పకుండానే వచ్చి కూర్చుంది. పిన్ని అంటే మా అమ్మకి పెదనాన్న కూతురు. ఎనభైకి దగ్గర పడింది. నెలకి నాలుగు మాటలు మాట్లాడే మనిషి.

"సిగ్నీ అక్కకి బాగాలేదు. ఫార్గోలో ఉంది. కార్డు పంపాలి," అంది.

బల్ల దగ్గర కత్తెరలు ఆగిపోయాయి. అక్కాచెల్లెళ్ళు తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదని ఊరంతటికీ తెలుసు. ఎందుకో కూడా తెలుసు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇదే గదిలో భోజనాలు పెట్టారు. వాళ్ళింట్లో లెఫ్సె రొట్టెలు ఒత్తే గాట్ల కర్ర ఒకటుండేది, నార్వే నుంచి ముత్తవ్వ పెట్టెలో వచ్చింది. సిగ్నీ భోజనాల మధ్యలో ఆ కర్ర సంగతి ఎత్తింది. అప్పుడు పిన్ని, చేతిలో బంగాళాదుంపల గిన్నె పట్టుకుని, అందరికీ వినబడేలా అంది: "అక్క అమ్మ కోసం రాలేదు, కర్ర కోసం వచ్చింది." సిగ్నీ పళ్ళెం అక్కడే వదిలేసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. పిన్ని రెండుసార్లు ఫోన్ చేస్తే గొంతు వినగానే పెట్టేసింది.

"మళ్ళీ మాటలు కలిశాయా మీకు?" అంది బెర్నీస్.

"కలవలేదు. అందుకే కార్డు."

వెర్డెల్ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించింది. రోగం, చావు వచ్చినప్పుడు ఆమె మొహంలో ఒక వెలుగు కనబడుతుంది. "లోపల ఏం ఉండాలి ఆర్ఫా గారూ?"

పిన్ని ముందే ఆలోచించుకుని వచ్చింది. "ఆ రోజు అన్న మాట అనకుండా ఉండాల్సింది అని."

"అంత పొడుగు మాట ముద్రల్లో రాదమ్మా." వెర్డెల్ పెట్టె కెలికింది. "'నీ గురించే ఆలోచిస్తున్నా' ఉంది. ఇది అన్నిటికీ నప్పుతుంది."

"ఆలోచిస్తూనే ఉన్నా. ఆ సంగతి అక్కకి తెలుసు."

"'త్వరగా కోలుకో'?" అంది బెర్నీస్.

"కోలుకోదట."

"పోనీ 'ప్రగాఢ సానుభూతితో'. ఇప్పుడే కొట్టి పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు—"

బెర్నీస్‌కి తన మాట తనకే వినబడినట్టుంది, కాఫీ కప్పులో మొహం పెట్టుకుంది.

నేను నా పర్సులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాను. "పిన్నీ, రాసెయ్యి. రెండు లైన్లు. ఇప్పుడు పోస్టు చేస్తే ఎల్లుండికి చేరుతుంది."

ఆ గదిలో నేను కాఫీ పాత్రలో ఉమ్మినా అంత నిశ్శబ్దం ఉండేది కాదు.

"మర్లిస్, నువ్వు కాలేజీ చదువుకున్నదానివి," అంది వెర్డెల్, జాలిగా. "ఆఖరి కార్డు కావచ్చు. దాని మీద బ్యాంకు వాళ్ళిచ్చిన బాల్ పెన్నా?"

పిన్ని నా పెన్ను వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. "నా రాత బాగుండదే," అంది. పెన్నుని మెల్లగా నా వైపు తోసేసింది. వెర్డెల్ మీద నాకెలాగూ గౌరవం లేదు. ఆ క్షణాన పిన్ని మీద కూడా పోయింది. చచ్చిపోతున్న అక్కకి మాట చెప్పడానికి చేతిరాత బాగుండాలా?

వెర్డెల్ ముద్రల కేటలాగు తెరిచింది. అందులో క్షమాపణలకి ఒక పేజీ ఉంది. తల వంచుకుని కూర్చున్న కుక్కపిల్ల, పక్కన వంకీల అక్షరాల్లో "నన్ను క్షమించు". అందరూ మెడలు సాచి చూశారు.

"ఎంత జాలిగా చూస్తోందో," అంది బెర్నీస్.

"ఇవాళే ఆర్డరు పెడతాను. పది రోజుల్లో వచ్చేస్తుంది. ఈలోగా పై భాగం చేద్దాం," అంది వెర్డెల్.

పిన్ని తల ఊపింది.

ఆ పై భాగం రెండు గురువారాలు తినేసింది. అడుగు కాగితం లేత ఊదా ఉండాలా, బూడిద రంగు ఉండాలా అని బల్ల దగ్గరున్న ఏడుగురూ చీలిపోయారు. బూడిద రంగు రోగికి నిరాశ కలిగిస్తుందని ఒక పక్షం, ఊదా మరీ సంబరంగా ఉంటుందని ఇంకో పక్షం. దేశాల మధ్య సంధి కూడా ఇంతకంటే తొందరగా కుదురుతుంది. చివరికి రెండూ వేశారు. దాని మీద సీతాకోకచిలుక. వెర్డెల్ సొంత చేతులతో స్పాంజి బిళ్ళలు వేసి రెక్కలు పైకి లేపింది. పిన్నిని ముట్టుకోనివ్వలేదు. చేతులు వణుకుతాయని. పిన్ని పక్కన కూర్చుని, అవసరమైనప్పుడు రిబ్బను పట్టుకుంది.

రెండో గురువారం చివర్లో వెర్డెల్ ఒక సంగతి చెప్పింది. కంపెనీ దగ్గర కుక్కపిల్ల ముద్రలు అయిపోయాయట. ఇంకో మూడు వారాలట. "మంచిదానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది," అంది. మూడు వారాలు ఆగమని ఫార్గోకి ఎవరు చెబుతారని అడిగాను. "దేవుడి మీద నమ్మకం ఉంచాలి మర్లిస్," అంది.

మూడో గురువారం పొద్దున్నే సిగ్నీ కూతురు సోల్వే పిన్నికి ఫోన్ చేసింది. అమ్మ తినడం మానేసింది, రావాలనుంటే ఇప్పుడే రండి అని. ఆ మాట విని పిన్ని నేరుగా ఎక్కడికి వచ్చిందనుకున్నారు? చర్చి కింద గదికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "కుక్కపిల్ల వచ్చిందా?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా," అంది వెర్డెల్.

నేను లేచి కారు తాళాలు తీసుకున్నాను. "పిన్నీ, నడు."

"లోపల మాటేమీ లేదే."

"దారిలో చూద్దాం. నడు."

వెర్డెల్ గబగబా కార్డుని పెట్టెలో పెట్టి, చుట్టూ పలుచని కాగితం కూరి ఇచ్చింది. "జిగురు పూర్తిగా ఆరలేదు. వాల్చకండి," అని మెట్ల దాకా వచ్చి చెప్పింది.

రెండు గంటల దారి. మంచు కరిగి పొలాలన్నీ చెరువుల్లా ఉన్నాయి. పిన్ని ఒళ్ళో పెట్టె పెట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులూ కాచుకుని కూర్చుంది.

"నోటితో చెప్పెయ్యి పిన్నీ."

"నోటితోనేగా చెడింది," అంది పిన్ని. ఆ తర్వాత ఫార్గో వచ్చేదాకా పెట్టె మీద చేతులు తియ్యలేదు. వెర్డెల్ మీద తిట్లన్నీ నాలుక చివర పెట్టుకుని కారు తోలుతున్న నేను రేడియో పెట్టాను.

సిగ్నీ మంచంలో దిండ్లకి ఆనుకుని ఉంది. ముక్కులో గొట్టాలు. చిక్కిపోయింది గాని చూపు మాత్రం పాత చూపే, ఎదుటివాళ్ళ చొక్కాకి తెగిన గుండీ ఎక్కడుందో వెతికే చూపు. పిన్నిని చూసి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. సోల్వే కుర్చీ జరిపింది. పిన్ని కూర్చోలేదు. కోటు విప్పలేదు. పెట్టె విప్పి కార్డు తీసి దుప్పటి మీద పెట్టింది.

చాలాసేపటికి సిగ్నీ చెయ్యి కదిలింది. ఫార్గోలో కూడా చర్చిలున్నాయి, వాటి కింద గదులున్నాయి. ఆమె కూడా ఈ కార్డుల పిచ్చిలో పదేళ్ళు పడిన మనిషే. ఈ పని తెలిసినవాళ్ళు కార్డు చేతికి రాగానే బొమ్మ చూడరు, మాట చూడరు. ముందు వెనక్కి తిప్పుతారు, ఎవరు చేశారో చూడడానికి. సిగ్నీ తిప్పింది. వెనక చిన్న ముద్ర: "ప్రేమతో, తన చేతులతో చేసినది: వెర్డెల్."

"వెర్డెల్ ఎవరు?" అంది సిగ్నీ. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట.

"మా గురువారం ఆవిడ."

"ఆవిడకి నా మీద ప్రేమెందుకు?"

సిగ్నీ కార్డు తెరిచింది. లోపల తెల్లటి తెలుపు. దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇందులో ఏమీ లేదే."

"ఆర్డరు పెట్టాం," అంది పిన్ని. "ఇంకా రాలేదు."

"ఏవిటి రాలేదు?"

"మాట."

సిగ్నీ ఆమె వైపు పూర్తిగా తిరిగింది. "క్షమాపణ కేటలాగులోంచి తెప్పిస్తున్నావా?"

"కుక్కపిల్ల కూడా ఉంటుంది," అంది పిన్ని, సిగ్గుపడుతూ.

సిగ్నీ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఊపిరాడటం లేదేమోనని సోల్వే లేచింది. నవ్వు. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ నవ్వింది, గొట్టాలు జారితే కూతురు సర్దింది. "ఈ రెక్క చూడు," అంది చివరికి, సీతాకోకచిలుకని గోటితో పొడుస్తూ. "వంకర. ఊదా కింద బూడిద రంగు ఎవరైనా వేస్తారా? గుడ్డిదా మీ వెర్డెల్?"

"వోట్లు పెట్టారు."

"రిబ్బను ముడి చూడు. దూడ మెడలో తాడు కూడా ఇంతకంటే బాగా కడతారు. నువ్వు కట్టావా?"

"నన్ను కట్టనివ్వలేదు. పట్టుకున్నాను."

"పట్టుకున్నావా," అంది సిగ్నీ. ఇంకా చెరో నాలుగు మాటలు అన్నారు వెర్డెల్‌ని. జిగురు మొదలుకొని ఆమె జుట్టు దాకా వెళ్ళారు. పిన్ని నోట అన్ని మాటలు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. తిట్టడంలో అంత నేర్పు పెట్టుకుని ఆ బల్ల దగ్గర ఎన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చుందో.

తర్వాత గది చల్లబడ్డట్టు అయింది. నవ్వు అయిపోయింది. కార్డు ఇంకా తెరిచే ఉంది.

"అక్కా," అంది పిన్ని. "ఆ రోజు కర్ర గురించి అన్నాను."

"అన్నావు."

"అబద్ధం అన్నాను."

"అబద్ధం కాదు. కర్ర కోసమే వచ్చాను. అమ్మ ఎలాగూ పోయింది, కర్ర ఉంది." సిగ్నీ ఊపిరి కూడగట్టుకుంది. "నిజం గనకే మండింది. అయితే ఊరందరి ముందూ అన్నావే, గిన్నె పట్టుకుని నిలబడి. దాని సంగతి చెప్పు."

పిన్ని కార్డు వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. "అందరి ముందూ అనకుండా ఉండాల్సింది. నిన్ను చిన్నబుచ్చాలనే అన్నాను. తప్పు నాది."

సిగ్నీ కొంతసేపు దుప్పటి అంచు సర్దుకుంది.

"ఊఁ," అంది. ఆ తర్వాత, "కోటు విప్పు. నిన్ను చూస్తే నాకే ఉక్కపోస్తోంది."

పిన్ని కోటు విప్పింది. నేను కాఫీ వంకతో బయటికి వచ్చేశాను.

సిగ్నీ ఏప్రిల్ దాకా బతికింది. వారానికి రెండుసార్లు పిన్నిని తీసుకెళ్ళాను. గురువారాలు కూడా వెళ్ళేవాళ్ళం. ఇద్దరూ ఒకరినొకరు ముద్దులాడుకున్నారని అనుకోవద్దు. ఎక్కువసేపు మిగతా లోకాన్ని తిట్టుకున్నారు. ఒక్కోసారి పిన్ని ఆమె పాదాలు రుద్దుతూ కూర్చునేది.

మట్టి చేసింది మా ఊళ్ళోనే, తల్లి పక్కన. కింద గదిలో హామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు. వెర్డెల్ నల్ల గౌనులో బల్లబల్లకీ తిరిగి చెప్పింది: తొమ్మిదేళ్ళ పగని ఒక్క కార్డు కరిగించిందని, అందుకే చేతిపనికి విలువ ఉంటుందని, ఆ సీతాకోకచిలుక కార్డు నేర్పించమని ఇప్పటికే ముగ్గురు అడిగారని. చెప్పిచెప్పి పిన్ని దగ్గరికి వచ్చింది.

"ఆర్ఫా గారూ, మీ అక్కగారికి నచ్చిందా కార్డు? నిజం చెప్పండి."

నేను నోరు తెరవబోయాను. పిన్ని నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

"అది చూసి నవ్వినట్టు మా అక్క జన్మలో నవ్వలేదు," అంది పిన్ని.

వెర్డెల్ చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకదే చాలు," అంది.

"ఇంకో శాండ్‌విచ్ తీసుకో," అంది పిన్ని.