రెండు మాఫీలు

అరబ్బు దేశంలోని మఫ్రఖ్‌లో మా కట్టడాల కంపెనీ యార్డుకు రాజు మారాడు కానీ సేనాపతి మారలేదు. మేస్త్రీ వెంకట్రాములు మీద మా అందరి కోపం అదే.

1979 ఎండాకాలంలో మా ముదీర్, అంటే మేనేజరు నూర్ మొహమ్మద్‌కూ, మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని కఫీల్‌కూ చెడింది. జగిత్యాల నుంచి మమ్మల్ని ఏరి తెచ్చుకున్న మనిషి ఒక్క పెట్టెతో వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలో బేరూత్ నుంచి వచ్చిన కొత్త ముదీర్ కూర్చున్నాడు. వెంకట్రాములు పొద్దున్నే పోయి పాత సలామే కొత్తాయనకూ పెట్టి, గేటు తాళాలు నడుముకు చెక్కుకుని వచ్చాడు.

"ఏ ఎండకా గొడుగు వడ్తున్నవ్ గదనే," అన్నాను మొహం మీదే.

"ముదీర్ మారిండు పర్శరాములూ. మీ కడుపులు మారినయా? వానికీ మీకూ నడుమ ఒకడు నిలవడాలె గద."

నాకది సాకులా వినిపించింది.

యార్డులో కొలతలు చూసే ఇంగ్లండు దొర ఒకడుండేవాడు. ఓసారి టీ తాగుతూ, వచ్చీరాని హిందీలో వాళ్ల దేశం కథ చెప్పాడు. తొమ్మిది వందల ఏళ్ల కిందట అక్కడో ప్రభువు, పాత రాజు కొలువులో పెద్ద. సముద్రం దాటొచ్చిన కొత్త రాజు దేశాన్ని గెలుచుకుంటే, ఈయన ఆ కొలువులోనూ చేరాడు. చనిపోయిన పాత రాజు కొడుకులు కొన్నాళ్లకు ఓడలెక్కి తిరిగొచ్చారు. వాళ్లను అడ్డుకోవలసిన పని ఈయన మీదే పడింది.

"నిలవడ్డడా?" వెంకట్రాములు అడిగాడు.

"నిలబడ్డాడు. అక్కడే చచ్చిపోయాడు."

"ఆ పిలగాండ్లను ఎన్నడన్న ఎత్తుకొని ఆడిచ్చిండో ఏమో," అని వెంకట్రాములు టీ వదిలేసి లేచిపోయాడు. మేం నవ్వుకున్నాం.

చలికాలంలో చాంద్ బాషా వచ్చాడు. నూర్ మొహమ్మద్ కొడుకు. చిన్నప్పుడు వెంకట్రాములు భుజాలెక్కి పీర్ల పండుగ చూసినవాడు. ఇప్పుడు మీసాలొచ్చాయి, లారీ నడుపుతున్నాడు. తండ్రి కొన్న కాంక్రీటు మిక్సరును పట్టుకుపోతానని వచ్చాడు.

గేటు లోపల గొలుసు పట్టుకుని పోచన్న ఉన్నాడు, ఊరి నుంచి వచ్చి వారం కాలేదు. గేటు బయట, లారీకి ఎదురుగా వెంకట్రాములు నిలబడ్డాడు.

"పక్కకు జరుగు కాకా. అది మా అబ్బాది."

"మీ అబ్బాదే బిడ్డా. గని నువ్వది తీస్కపోతే వీళ్లందరినీ దొంగలని లోపలేస్తరు. దిగు, మాట్లాడుకుందాం."

చాంద్ బాషా తల వంచుకున్నాడు. దిగేవాడే. అప్పుడే ఆఫీసు మెట్ల మీంచి ముదీర్ చేతులూపుతూ అరిచాడు.

"మాఫీ! మాఫీ!"

అరబ్బీలో 'మాఫీ' అంటే లేదు, కుదరదు అని. ఇక్కడ కొన్నాళ్లు ఎండలో మాడితే అందరికీ వచ్చే మాటే. మన ఊళ్లో మాత్రం మాఫీ అంటే తప్పు క్షమించి వదిలేయడం. పోచన్నకు తెలిసింది అదొక్కటే.

"ముదీర్ సాబ్ మాఫీ చేసిండు!" అంటూ సంబరంగా గొలుసు విప్పేశాడు.

గేటు తెరుచుకుంది. దారి ఇచ్చారనుకుని చాంద్ బాషా బండి ఉరికించాడు. అదే క్షణంలో వెంకట్రాములు గేటు మూయడానికి అడ్డంగా ఉరికాడు. లారీకీ, గేటు స్తంభానికీ మధ్య నలిగిపోయాడు.

కంకర మీదే పడుకోబెట్టాం. నెత్తురు ఆగలేదు. చాంద్ బాషా ఆయన పాదాల మీద పడ్డాడు.

"మాఫీ కాకా... నాకు మాఫీ..."

వెంకట్రాములు కళ్లు తెరిచి వాణ్ణి చూశాడు. "మాఫీ," అన్నాడు. ఆ మాటతోనే ప్రాణం పోయింది.

చాంద్ బాషా నా చొక్కా పట్టుకుని ఊపేశాడు. "ఏ భాషలన్నడే? లేదన్నడా? పర్శరామన్నా, చెప్పు!"

నాకేం తెలుసు? బతికున్నన్నాళ్లూ ఆ మనిషిని ఒక్క మంచి మాట అనలేదు.

"మన ఊరి భాషలనే అన్నడు బిడ్డా," అన్నాను.

ముదీర్ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తన పొరపాటేమిటో తెలిసి పోచన్న గొలుసు పట్టుకునే నేల మీద కూలబడ్డాడు. ముదీర్ చూపు వాడి మీద పడింది. మిగతావాళ్లంతా నా వైపు చూశారు.

వెంకట్రాములు నడుము నుంచి తాళాల గుత్తి విప్పి నా నడుముకు చెక్కుకున్నాను. పోచన్నకు అడ్డంగా నిలబడి, ముదీర్‌కు సలాం పెట్టాను.