‘గారూ’కు ముందు ఖాళీ

“శశికళకు ఒక్కసారి చెబితే చాలు, పట్టేస్తాది,” అన్నాడు మా ఆయన, రాగిముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటూ. అది జరిగి పదిహేను రోజులు. అప్పటి నుంచి ముద్దకు ఎసరు పెట్టిన ప్రతిసారీ నాకు ఆ మాటే వినిపిస్తోంది. ఈ శనివారం పొద్దున కూడా పొయ్యి కంటే ముందు నా కడుపే మండింది.

మా ఆయన పురుషోత్తమ్ ఊరిగాంలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. శశికళ అక్కడే పనిచేసే ఇంకో టీచరు. ఆమెను నేను చూసింది ఒక్కసారే, బడి వార్షికోత్సవంలో. ఆకుపచ్చ కాటన్ చీర, మెడలో గుర్తింపు కార్డు, దాని మీద ఆమె ఫోటో, ఆమె పేరు. ఇంటికొచ్చాక చీర బాగోలేదని అత్తతో అన్నాను. నిజానికి బాగుంది.

ఆయన ఆమెకు నేర్పేదేమిటో నాకు బాగా తెలుసు. నేను ఆయనకు నేర్పిందే. అడ్మిషన్లకు ఆన్‌లైన్ ఫారం కావాలని హెడ్మాస్టరు నంజుండప్ప గారు అడిగితే, అక్కడ తలూపి వచ్చి ఇక్కడ నా ముందు కూర్చున్నాడు. బీసీఏ చదివింది నేను. ల్యాప్‌టాప్ క్యాసంబళ్ళిలో మా నాన్న మామిడికాపు అమ్మి నాకు కొనిచ్చింది. ఇప్పుడు ఇంట్లో దాని పేరు ‘సార్ ల్యాప్‌టాప్’. మధ్యాహ్నం మా అత్త అక్కయమ్మ నడుం వాల్చాక వంటింటి గట్టు మీద పెట్టుకుని రెండు నెలలు రాశాను. సాయంత్రం ఆయన కాఫీ తాగుతుంటే వివరించేదాన్ని. ఫారం ఒక పేజీ. దాన్ని అందుకోవడానికి సర్వర్‌లో ఇంకో పేజీ ఉంటుంది. తల్లిదండ్రులు గళ్ళు నింపి ‘పంపు’ నొక్కితే ఆ రెండో పేజీ వివరాలు తీసుకుని దాచిపెట్టి, జవాబు చూపిస్తుంది. ఫారంలో గడికి ఏ పేరు పెడతామో, రెండో పేజీ సరిగ్గా ఆ పేరుతోనే అడగాలి. వేరే పేరుతో అడిగితే దానికేమీ దొరకదు. ఈ ముక్క మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆవలించాడు. ఆ మనిషే ఇప్పుడు బడిలో ఆమె పక్కన కూర్చుని నా మాటలనే ఓపిగ్గా విడమరిచి చెబుతున్నాడు. దాచుకోవడం దేనికి, నేను కుళ్ళుకున్నాను. అన్నం సయించనంతగా కుళ్ళుకున్నాను.

బడిలో కంప్యూటర్‌కు ఇంకొకరిని తీసుకుంటారట. ఆ సంగతి ఆయన నోరు జారి చెప్పిన రోజు, “నేను రానా?” అన్నాను.

“నువ్వొస్తే అమ్మకు ముద్ద ఎవురు కెలుకుతారు?” అని నవ్వాడు.

“ఇంట్లో నీకేం తక్కువైందమ్మా?” అంది మా అత్త.

ఫారం పనిచేస్తోందో లేదో తెలియాలంటే దొంగ వివరాలు నింపి పంపి చూసుకోవాలి. తల్లి పేరు దగ్గర ‘ప్రేమ’ అని నా పేరే కొట్టేదాన్ని. తల్లి ఉద్యోగం దగ్గర మొదటిసారి ‘గృహిణి’ అని రాశాను. రెండోసారి ఆ మాట రాయబుద్ధి కాలేదు. టీచరు అని రాశాను. తర్వాత లాయరు, రైలు డ్రైవరు, గని ఇంజనీరు. నొక్కగానే తెర మీద ‘ప్రేమ గారూ, మీ బిడ్డ దరఖాస్తు మాకు అందింది’ అని జవాబు వచ్చేది. నన్ను ‘గారూ’ అన్నది ఆ పేజీ ఒక్కటే. నాకింకా బిడ్డ లేకపోయినా నలభై ఒక్కసార్లు పిలిపించుకున్నాను. ఆ చెత్తంతా తుడిచేద్దామనుకునేలోపే ఆయన సర్వర్ పాస్‌వర్డు మార్చి శశికళకు ఇచ్చాడు.

“నీకెందుకింగ, పని అయిపాయ కదా,” అన్నాడు. నిన్న సాయంత్రం ఇంకో మాట అన్నాడు. “జవాబు తల్లి పేరుతో వచ్చేదేంది? తండ్రి పేరు రావాల. అది నేను మార్చుకుంటాలే.”

ఈ పొద్దు తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి ఫారం చూపించేది శశికళే. ఎసరు కాగుతుండగా ఫోన్ మోగింది.

“ఏమే, పేరు రాలేదు! ‘గారూ, మీ బిడ్డ దరఖాస్తు మాకు అందింది’ అని వస్తాండాది. ముందర ఖాళీ. అందరూ నగతాండారు. ఈ శశికళ ఏం చేసిందో ఏమో!”

ఏం జరిగిందో వెంటనే అర్థమైంది. ఫారంలో తల్లి గడి పేరు తీసేసి తండ్రి అని పెట్టాడు, రెండో పేజీని ముట్టుకోలేదు. అదింకా తల్లి పేరునే వెతుకుతోంది. ఒక్క మాటతో సరిపోయేది. నేను చెప్పలేదు. అంతమంది ముందు ఆమె తల దించుకుని నిలబడి ఉంటుందని తలచుకుంటే ప్రాణానికి హాయిగా ఉంది.

“ఆమెకు ఒక్కసారి చెబితే చాలు కదా, ఆమెనే అడగండి,” అన్నాను.

“ఎగతాళికి ఇదా టైము? ఇదో, నువ్వే మాట్లాడు,” అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

“అక్కా, శశికళను. ఒక్క నిమిషం, బయటికొస్తా.” తలుపు చప్పుడైంది. ఆమె గొంతు తగ్గించింది. “నేనేమీ ముట్టుకోలేదక్కా. సార్‌ను ఏ డౌటు అడిగినా ‘ఉండు, ఇంటికి పోయి చూసి చెప్తా’ అంటాడు. ఆ ఇంట్లో ఎవురుండారా అనుకుంటా ఉంటి. మొన్న సర్వర్ తెరిస్తే నలభై ఒక్క దరఖాస్తులు, అన్నిట్లో తల్లి పేరు ప్రేమ. ఒక దాంట్లో లాయరు, ఇంగొక దాంట్లో రైలు డ్రైవరు. తుడిచేయమన్నాడు సారు. నాకు చెయ్యి రాలేదు.”

నాకు ముఖమంతా వేడెక్కింది.

“ఇంగొకటక్కా. కంప్యూటర్‌కు ఎవురైనా తెలిసినోళ్ళుండారా అని హెడ్మాస్టర్ సార్ అడిగినారు. ఎవురూ లేరన్నాడు మీ ఇంటాయన. నా ముందరే అన్నాడు.”

పదిహేను రోజులుగా నేను ఈమె చీరను తిట్టాను, ఈమె చురుకును తిట్టాను. మా ఆయన ఓపిక నాకు కాకుండా ఈమెకు దక్కుతోందని ఏడ్చాను. ఆయన ఓపిక ఎవరికి కావాలి? నాకు కావలసింది ఈమె కూర్చునే కుర్చీ. నా ఫోటో, నా పేరు ఉన్న కార్డు నా మెడలో కావాలి. ఈమె మీద కుళ్ళు ఇప్పుడూ పోలేదు. కాకపోతే అది దేనికోసమో ఇప్పుడు తెలిసింది.

“హెడ్మాస్టర్ గారిని యాడికీ పోనీవద్దు శశికళా. ఆయనతో మాట్లాడాల,” అన్నాను. “సార్‌కు ఫోనియ్యి.”

“తెలిసిందా? బిన్నా చెప్పు, టైము లేదు, నేను మారుస్తా,” అన్నాడు ఆయన.

“నేనే వచ్చి మారుస్తాను. మీరు ఇంటికి రండి. ఎసరు పెట్టినాను, పిండి కొలిచినాను. మీ అమ్మకు ఆకలయ్యే టైము.”

“నాకు ముద్ద కెలికేది యాడ వస్తాది?”

పొయ్యి ఆపి, చెప్పులు వేసుకున్నాను.

“ఒక్కసారే చెప్తాను, వినుకోండి,” అన్నాను గడప దాటుతూ. “ఎసరు బాగా మరిగినాంక పిండి పోయాల.”